నీలమంతా పానీ కాదు మామూ

‘రంగ్’ అనే లఫ్జ్‌కి మా ఇళ్లల్లో ఉన్నన్ని పనులు ఇంకే లఫ్జ్‌కీ ఉండవనుకుంటా. దుల్హన్ చేతిలో మెహందీ రంగ్ ఎంత ముదురుగా పండితే ససురాల్‌లో అంత ముహబ్బత్ అంటారు. చాయ్‌కి రంగ్ దిగలేదంటే పత్తీ పాతదని అర్థం. నిన్నొక మాట, ఇవాళొక మాట చెప్పేవాణ్ణి రంగ్ మార్చేవాడంటారు. నేను ఇదే లఫ్జ్‌తో ఇంకో పని చేసుకుని బతుకుతున్నా. హిసాబ్‌కి రంగు వేయడం నా పని. నంద్యాలలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను. వాన లెక్కలు, బావుల నీటిమట్టాలు, మట్టి పరీక్షల అంకెలు, ఇట్లాంటివి కంప్యూటర్‌లో పోసి నఖ్షాలు గీయించడం మా ప్రాక్టికల్స్‌లో సగం.

ఈ నఖ్షాలు రెండు రకాలు. ఒకటి కంటూర్. వేసవిలో చెరువు ఎండుతుంటే చూశారా? నీళ్లు కొంచెం కొంచెం దిగేకొద్దీ ఒడ్డు చుట్టూ ఒక గీత, దాని లోపల ఇంకో గీత, దాని లోపల ఇంకోటి మిగులుతాయి. ఒక్కో గీత మీద ఎక్కడ నిలబడ్డా ఎత్తు ఒకటే. కంటూర్ అంటే అదే. ఒకే అంకె ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీత. రెండోది సర్ఫేస్. దస్తర్‌ఖాన్ పరిచి, మధ్యలో వేలితో పట్టుకుని పైకి లేపితే ఒక గుట్ట లేస్తుంది కదా, అట్లా అంకెలన్నీ గుట్టలూ గుంతలూ అయి నిలబడతాయి. రెంటిలోనూ అసలు మాట చెప్పేది రంగే. గీతకూ గీతకూ మధ్య ఏ రంగు నింపాలి, ఒక రంగు ఎక్కడ ఆగి ఇంకో రంగు ఎక్కడ మొదలవ్వాలి అన్నది ఎవరో ఒకరు ఫైసలా చేయాలి. మనం చేయకపోతే సాఫ్ట్‌వేర్ చేస్తుంది.

తెలుగులో మనం రోజూ వాడే ‘హద్దు’ అరబీ ‘హద్’ నుంచి వచ్చింది. రెవెన్యూ వాళ్ల ‘నక్షా’ కూడా అక్కణ్ణించే. ఈ రెండు లఫ్జ్‌లూ పక్కపక్కన పెడితే నా సబ్జెక్ట్ మొత్తం వచ్చేసినట్టే. నఖ్షాలో రంగంటే హద్దే. ఆ హద్దు ఎవరు గీశారని అడగకుండా రంగును నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి మా మామూ సంగతి రాస్తున్నా.

మామూది ఆళ్లగడ్డ పక్కన పల్లె. నంద్యాల నుంచి పోతే శిరివెళ్ల దాటి, తూర్పున నల్లమల కొండలు చూసుకుంటూ, రాళ్లు చెక్కే ఉలుల చప్పుడు వినబడే దాకా పోవాలి. నాలుగెకరాల నల్లరేగడి. కాలవ నీళ్లు అంత దూరం రావు. రెండు బోర్లు వేయించాడు, రెండూ దగా చేశాయి. మొదటిదాంట్లో దుమ్ము, రెండోదాంట్లో మూడు నెలల నీళ్లు. ఇంక బోరు మాట ఎత్తనని ముమానీకి వాదా ఇచ్చాడు. ఇంతలో ఎవరో చెప్పారు, టెంకాయ తిప్పి చెప్పేవాళ్లు కాదు, మిషన్ పెట్టి భూమి లోపల ఫోటో తీసేవాళ్లు ఉన్నారని. మామూ వాళ్లను పిలిపించాడు. వాళ్ల పేరు ఇక్కడ రాయను. వాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు కూడా.

వాళ్లు ఇచ్చిన కాగితం చూస్తే ఎవరికైనా దిల్ ఖుష్ అవుతుంది. మెరిసే పేపరు మీద భూమిని నిలువుగా కోసినట్టు బొమ్మ. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, అట్టడుగున ముద్దగా ముదురు నీలం. ఆ నీలం పైన బాణం గుర్తు పెట్టి ‘పాయింట్’ అని రాసిచ్చారు. మామూ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా దగ్గరికి తెచ్చాడు. నిఖాకి ముహూర్తం చూపించడానికి వచ్చినంత హుషారుగా ఉన్నాడు.

“దేఖ్ బేటా, నీలా హై. పానీచ్ హోనా” అన్నాడు. చెల్లెలి నిఖా కోసం దాచిన లక్షకు పైన డబ్బుంది. ముమానీని ఒప్పించాడు. బోరు లారీకి మాట కూడా ఇచ్చాడు. నా దగ్గరికి వచ్చింది సలహా కోసం కాదు, నేను చదువుకున్నోణ్ణి కాబట్టి ఆ కాగితం చూసి నేనూ ఖుష్ అవుతానని.

ఇక్కడ కాసేపు ఆ మిషన్ ఏం చేస్తుందో చెప్పుకోవాలి. పొలంలో వరసగా ఇనప కడ్డీలు పాతుతారు. మామూ పొలంలో 48 కడ్డీలు, కడ్డీకీ కడ్డీకీ 5 మీటర్ల దూరం. రెండు కడ్డీల్లోంచి భూమిలోకి కరెంటు పంపి, ఇంకో రెండు కడ్డీల మధ్య ఎంత వోల్టేజ్ వచ్చిందో కొలుస్తారు. దాన్నిబట్టి ఆ మట్టి, ఆ రాయి కరెంటును ఎంత అడ్డుకుంటున్నాయో తెలుస్తుంది. దీని కొలత ఓమ్-మీటర్. దగ్గర దగ్గర కడ్డీలతో కొలిస్తే పైపొర సంగతి, దూరం కడ్డీలతో కొలిస్తే లోపలి సంగతి. ఈ కొలతలన్నిటికీ సరిపోయే భూమి ఎట్లా ఉండొచ్చో కంప్యూటర్ లెక్కగట్టి కంటూర్ గీస్తుంది. అంటే మిషన్ చూసింది నీళ్లను కాదు. కరెంటుకు దారి ఎక్కడ తేలిగ్గా దొరికిందో చూసింది, అంతే.

నీళ్లున్న చోట కరెంటు తేలిగ్గా పోతుంది, నిజమే. మంచి భూగర్భ జలం 10 నుంచి 100 ఓమ్-మీటర్ల మధ్య ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. కానీ అదే పట్టికలో పై వరసలో బంకమట్టి ఉంటుంది, 1 నుంచి 100 దాకా. షేల్ రాయి 20 నుంచి మొదలై 2000 దాకా పోతుంది. అంటే మిషన్‌కి 15 అనే అంకె వస్తే అది నీళ్లు కావచ్చు, చుక్క నీరు వదలని బంక కూడా కావచ్చు. అంకె ఒకటే, కింద ఉన్నవి రెండు వేరు వేరు చీజ్‌లు.

మన ఇలాఖాలో ఈ సంగతి మరీ ముఖ్యం. భూగర్భ శాస్త్రంలో మన ఊళ్ల పేర్లే రాళ్ల పేర్లు. 1872లో విలియం కింగ్ అనే దొర కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం వేశాడు. అప్పట్నించి నడుస్తున్న లెక్కలో కర్నూలు గ్రూపు రాళ్లు కింద నుంచి పైకి ఇట్లా ఉంటాయి: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికంటే పైన నంద్యాల షేల్. కడప జిల్లా నార్జి తప్ప మిగతావన్నీ మనం బస్సులో టికెట్ తీసుకునే ఊళ్లే. షేల్ అంటే బురద గట్టిపడి పలకలు పలకలుగా తయారైన రాయి. బంక గుణం దాంట్లో ఉంటుంది, కరెంటును తేలిగ్గా పోనిస్తుంది, నీళ్లను మాత్రం ఒక పట్టాన వదలదు. సున్నపురాయిది ఇంకో మిజాజ్. రాయి గట్టిదే, నీళ్లుంటే దాని సందుల్లో, సొరంగాల్లో ఉంటాయి. బేలం గుహలు అట్లా నీళ్లు తొలిచినవే, 3229 మీటర్ల పొడవు. అంటే మన దగ్గర కరెంటుకు దారిచ్చే రాయి పొడిగా ఉండొచ్చు, ఇవ్వని రాయి సందులో నీళ్లు దొరకొచ్చు.

ఇప్పుడు రంగు సంగతి. ఈ సర్వే సాఫ్ట్‌వేర్లలో తక్కువ అంకెకు నీలం, ఎక్కువ అంకెకు ఎరుపు వేయడం రివాజ్. భూమి శాస్త్రం చదివినవాళ్లకు నీలం అంటే ‘తక్కువ ఓమ్-మీటర్’. రైతుకు నీలం అంటే పానీ. ఈ రెండు అర్థాల మధ్య ఎవరూ అబద్ధం చెప్పకుండానే లక్ష రూపాయల పని జరిగిపోతుంది.

ఇంద్రధనుస్సు రంగుల పైన ఉన్న ఫిర్యాదు మన ఒక్కరిదే కాదు. మ్యాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో నీలం నుంచి ఎరుపు దాకా పోయే ‘జెట్’ అనే రంగుల వరస చాలా ఏళ్లు తనంతట తానే వచ్చి కూర్చునేది. 2014లో దాన్ని తీసి ‘పరూలా’ పెట్టారు. పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ కూడా 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి ‘విరిడిస్’కు మారింది. కారణం సాదాగా చెప్తా. జెట్‌లో పసుపు, లేత నీలం పట్టీలు మిగతావాటికంటే మెరుస్తాయి. అంకె మెల్లగా పెరుగుతున్నా, ఆ పట్టీ వచ్చిన చోట కంటికి ఒక గోడ కనిపిస్తుంది. లేని హద్దు పుడుతుంది. పైగా రెండు కొసలూ, ముదురు నీలం, ముదురు ఎరుపు, వెలుతురులో దాదాపు సమానం. నమ్మకపోతే ఆ రంగుల కాగితాన్ని నలుపు-తెలుపు జిరాక్స్ తీయించండి. అతి తక్కువ, అతి ఎక్కువ రెండూ ఒకే బూడిద రంగులో వస్తాయి. నా పిల్లలకు నేను చెప్పే మొదటి పరీక్ష ఇదే. జిరాక్స్‌లో అర్థం కాని నఖ్షా నఖ్షా కాదు.

మామూ విషయంలో ఇంకో పేచీ ఉంది. మామూకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. చిన్నప్పుడు మిరప చేలో పండుకాయలు ఏరమంటే పచ్చివి కూడా కోసుకొచ్చి నానీ చేత తిట్లు తినేవాడట. ఆకుల మధ్య పండు మిరపకాయ మామూ కంటికి ఆనదు. ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకు వచ్చే గుణం. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో నూటికి దాదాపు ఎనిమిది మందికి ఉంటుంది, మిగతా చోట్ల కాస్త తక్కువ. అణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కి కూడా ఉండేది. 1794లో తన కంటి సంగతి తనే సభలో చదివాడు.

ఆ కాగితం మామూ కంటికి ఎట్లా కనిపిస్తుందో ఆలోచించండి. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ అన్నీ కలిసి ఒక మట్టి ముద్ద. ఆ ముద్దలో నీలం ఒక్కటే నిలువెత్తు సాక్షిలా మెరుస్తుంది. నాకు ఆ బొమ్మలో ఏడు రంగులుంటే, మామూకు రెండే. పానీ, పానీ కానిది. మామూ ఆ నీలాన్ని నాకంటే ఎక్కువ నమ్మడంలో వింతేముంది?

“మామూ, ఈ బొమ్మ వెనక అంకెల ఫైలు ఉంటుంది. అది అడిగి తెప్పించుకో” అన్నా. సర్వే వాళ్లు తకరార్ ఏమీ చేయకుండా పెన్ డ్రైవ్‌లో ఇచ్చేశారు. ఆ రాత్రి ఇషా తర్వాత కూర్చున్నా.

ముందు రంగుల కంటే కొలతలు లెక్కపెట్టా. నాలుగు కడ్డీలూ సమాన దూరంలో ఉండే వెన్నర్ పద్ధతి. 48 కడ్డీలతో, దగ్గరి దూరంలో 45 కొలతలు వస్తాయి. దూరం ఒక మెట్టు పెరిగినప్పుడల్లా మూడు తగ్గుతాయి. 42, 39, 36 అట్లా దిగుతూ పదిహేనో మెట్టులో మూడంటే మూడే. మొత్తం 360. బొమ్మ అడుగున ఉన్న నీలం ముద్ద సుమారు 34 నుంచి 39 మీటర్ల లోతులో ఉంది. ఆ లోతును చెప్పేవి చివరి మూడు మెట్లు. తొమ్మిది, ఆరు, మూడు. పద్దెనిమిది కొలతలు. 360లో 18 మీద చెల్లెలి నిఖా డబ్బు నిలబడింది. ఆ బొమ్మ 130 అడుగుల దగ్గరే ఆగిపోతుంది. లారీ వాళ్లతో మాట్లాడుకున్న బోరు 350 అడుగులు. ‘నీలం కిందికి పోతోంది కదా’ అన్నది ధైర్యం. కిందికి పోతోందని చెప్పడానికి అక్కడ బొమ్మే లేదు.

తర్వాత రంగు మార్చా. ఇంద్రధనుస్సు తీసేసి ఒకే రంగు వరస పెట్టా. పాలెక్కువైన చాయ్ నుంచి సులేమానీ దాకా, లేతది తక్కువ అంకె, ముదురుది ఎక్కువ అంకె. మామూ కంటికి ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలీకపోయినా లేత-ముదురు తేడా బ్రహ్మాండంగా తెలుస్తుంది. హద్దులు నేనే పెట్టా, 10, 20, 50, 100, 200 అని. ఈ కొలతలు ఒకటి నుంచి రెండుకు కాదు, పది నుంచి వందకు దూకేవి కాబట్టి సమాన దూరం హద్దులు పనికిరావు. ప్రతి కొలతనూ బొమ్మ మీద చుక్కగా పెట్టా. పైన చుక్కలు చీమల బారులా, అడుగున మూడు చుక్కలు. చివరి మూడు మెట్ల పైన ఏటవాలు గీతలు గీసి ‘ఇక్కడ భరోసా తక్కువ’ అని తెలుగులో రాశా.

జుమ్మా నాడు ఆళ్లగడ్డ పోయి, ఖానా అయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పరిచా. ముమానీ నా కాగితం వైపు చూసి ముఖం ముడుచుకుంది. “నీలం తీసేసి చాయ్ రంగు పూస్తే ఉన్న నీళ్లు పోతాయా బేటా?” అంది. ఈ సవాల్‌కి నా దగ్గర మంచి జవాబు లేదు. పోవు. రంగు మారితే భూమి మారదు. ఆమె అడిగింది న్యాయమే. నీలం వేసినవాడు ఆశ పుట్టించాడు, నువ్వు నీలం తీసి ఆశ తీశావు, నీ రంగుకు ఎక్కువ హఖ్ ఏంటి?

అందుకే ఇంకో రెండు ప్రింట్లు కూడా తీసుకుపోయా. రెంటిలోనూ వాళ్ల రంగులే, వాళ్ల అంకెలే. నేను మార్చింది నీలం ఎక్కడ ఆగాలన్న హద్దు ఒక్కటే. ఆ ముద్దలో అంకెలు 12 నుంచి 18 దాకా ఉన్నాయి. ఒకదాంట్లో 10 కంటే తక్కువకే నీలం అన్నా. అడుగున ముద్ద మాయం. ఇంకోదాంట్లో 40 దాకా నీలం అన్నా. పొలం సగం సముద్రం. “చూడు ముమానీ, ఒక్క అంకె మార్చి నీ పొలాన్ని ఎడారి చేయగలను, చెరువు చేయగలను. కాబట్టి నా రంగును కూడా నమ్మొద్దు. హద్దు ఎక్కడుందో చదువు, చుక్కలు ఎన్నున్నాయో లెక్కపెట్టు” అన్నా.

మామూ అంతసేపూ మాట్లాడలేదు. పాత కాగితాన్ని, చాయ్ కాగితాన్ని మార్చి మార్చి చూశాడు. చివరికి నా కాగితం పైపొర మీద వేలు పెట్టాడు. అక్కడ లేత పట్టీ ఉంది. అడుగున ముద్ద ఉన్న చోటా అంతే లేత. “యే భీ వైసాచ్ హై నా? పైన కూడా అదే రంగుంది” అన్నాడు. పాత కాగితంలో చూస్తే పైన కూడా నీలమే, సన్నగా, పొలం ఈ కొస నుంచి ఆ కొస దాకా. అందరం అడుగున ముద్దనే చూశాం గాని పైన పట్టీని ఎవరం పట్టించుకోలేదు. “ఇక్కడ నేను ఫారంపాండు తవ్వించినా కదా. రెండు నిలువులు నల్లరేగడి బంక. చుక్క నీరు రాలా. బంకకు నీలం ఏసినోడు కింద నీళ్లకు నీలం ఏసినాడని ఎట్ల నమ్మేది?”

నేను రాత్రంతా కూర్చుని గీసినదానికంటే ఆ ఒక్క మాట విలువైంది. నేను చెప్పింది లెక్క. మామూ చెప్పింది గడ్డపార పెట్టి చూసిన నిజం. సర్వే వాళ్లకైనా, నాకైనా లేని ఒక కొలత మామూ దగ్గరుంది, తన చేతులతో తవ్వించిన కుంట. నఖ్షాలో ఏ రంగు ఏ చీజో తెలుసుకోవాలంటే, మనకు ముందే తెలిసిన చోట అది ఏ రంగులో వచ్చిందో చూడాలి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు.

బోరు లారీని మామూ ఆపించాడు. ఆ రబీకి పదును చూసుకుని శనగ వేశాడు. డబ్బు ముమానీ దగ్గరే ఉంది. కింద నీళ్లు లేవని నేను చెప్పలేదు, ఇప్పటికీ చెప్పను. అది అల్లాహ్‌కే తెలుసు. ఆ కాగితం చూసి ఉన్నాయని చెప్పే హఖ్ ఎవరికీ లేదని మాత్రం చెప్తా.

రంగుకు అర్థం ముందుగా చెప్పడం కొత్త సంగతి కాదు. బైతుల్ ముఖద్దస్‌లో పుట్టిన అల్-ముఖద్దసీ దాదాపు 985లో రాసిన భూగోళ గ్రంథంలో తన నఖ్షాల రంగులు ఏంటో విడమరిచి చెప్పాడు. దారులు ఎరుపు, ఇసుక నేలలు పసుపు, ఉప్పు సముద్రాలు ఆకుపచ్చ, నదులు నీలం, కొండలు మట్టి రంగు. చూడండి, ఆయనకు కూడా ఉప్పునీళ్లకూ మంచినీళ్లకూ ఒకే రంగు వేయబుద్ధి కాలేదు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో కూడా ఈ తమీజ్ ఉంది. కంటూర్ గీతలు గోధుమ రంగు, నీళ్లు నీలం. నీళ్లు లేని వాగును మాత్రం నలుపులో గీస్తారు. మన సీమ షీటు ఒకటి తెరిస్తే నల్ల వాగులు ఎన్ని కనబడతాయో. వాగని పేరున్నంత మాత్రాన దానికి నీలం ఇవ్వలేదు. 1701లో ఎడ్మండ్ హేలీ అట్లాంటిక్ సముద్రం మీద దిక్సూచి ఎంత పక్కకు తిరుగుతుందో సమాన గీతలతో అచ్చేసి చూపించాడు. అందులో గీత పక్కనే అంకె ఉంటుంది. రంగు మీద ఆధారపడే అవసరమే లేదు.

ఇంత పాత తమీజ్ ఉన్నా, ఇప్పటి పెద్ద నఖ్షాలు కూడా మనల్ని కొంచెం తికమక పెడతాయి. వాతావరణ శాఖ హెచ్చరికల్లో పసుపు అంటే కనిపెట్టి ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే చర్య తీసుకోండి. ఎరుపే పెద్దది. అదే శాఖ వాన లోటు నఖ్షాలో మామూలు వాన, అంటే 19 శాతం అటూ ఇటూ, ఆకుపచ్చ. 20 నుంచి 59 శాతం లోటుంటే ఎరుపు. 60 నుంచి 99 శాతం లోటుంటే పసుపు. అంటే ఇక్కడ పసుపు ఎరుపు కంటే ఘోరం. కింద రాసిన సూచిక చదివినవాడికి ఇబ్బంది లేదు. టీవీలో రెండు సెకన్లు చూసినవాడు మాత్రం పసుపు జిల్లాను చూసి ‘పర్లేదు, ఎరుపు కాదు కదా’ అనుకుంటాడు. నా క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అట్లాగే అనుకుంటారు. అప్పుడు నేను వాళ్ల చేత అదే అంకెలతో కొత్త నఖ్షా గీయిస్తా. మధ్యలో సున్నా దగ్గర తెలుపు, లోటు వైపు మట్టి రంగు ముదిరేకొద్దీ లోటు ముదిరినట్టు, ఎక్కువ వైపు నీలం. అటూ ఇటూ తూగే లెక్కకు రెండు వైపుల రంగు కావాలి. ఒక్క దిక్కుకే పెరిగే లెక్కకు ఒకే వైపు రంగు చాలు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

చేసి చూడాలనుకునే పిల్లల కోసం నాలుగు ముక్కలు. ఎక్సెల్‌లో సర్ఫేస్ చార్ట్ గీస్తే రంగు మార్చడానికి బొమ్మ మీద ఎంత నొక్కినా లాభం ఉండదు. పక్కన సూచికలో ఉండే చిన్న రంగు గడిని విడిగా ఎంచుకుని దానికి ఫిల్ మార్చాలి. ఎన్ని పట్టీలు రావాలన్నది నిలువు యాక్సిస్‌లో మేజర్ యూనిట్ చెప్తుంది. పైథాన్‌లో కంటూర్ నింపేటప్పుడు ‘లెవెల్స్’ దగ్గర మీ హద్దులు మీరే రాయండి, దానికి వదిలేయకండి. పదుల్లో, వందల్లో దూకే అంకెలకు లాగ్ స్కేల్ పెట్టండి. రెండు ఊళ్లనో, రెండు ఏళ్లనో పోల్చేటప్పుడు రెండు బొమ్మలకూ ఒకే కనిష్ఠం, ఒకే గరిష్ఠం పెట్టండి. లేకపోతే ఆళ్లగడ్డ నీలం వేరు, నంద్యాల నీలం వేరు అవుతుంది. గ్నూప్లాట్‌లో అయితే ప్యాలెట్‌ను మీ రంగులతో మీరే కట్టుకోవచ్చు, అది ఉచితం కూడా.

రైతులకు చెప్పేది ఇంకా తక్కువ. ఎవరైనా రంగుల కాగితం చేతిలో పెట్టి పాయింట్ చూపిస్తే నాలుగు మాటలు అడగండి. ఈ రంగు ఏ అంకె నుంచి ఏ అంకె దాకా? ఆ హద్దు మీరు పెట్టారా, మిషన్ పెట్టిందా? ఆ పాయింట్ లోతులో కొలతలు ఎన్ని? మాకు ముందే తెలిసిన బావి, పాత బోరు, తవ్విన కుంట ఈ బొమ్మలో ఏ రంగులో ఉన్నాయి? ఇట్లా అడగడం బేఅదబీ కాదు. డబ్బు మీది. పని తెలిసినవాళ్లయితే సంతోషంగా చెప్తారు. మామూ అడిగిన వెంటనే ఫైలు ఇచ్చారు కదా, అట్లా. ఆ అంకెల ఫైలు కూడా తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. రంగు కాగితం కొన్నాళ్లకు వెలిసిపోతుంది, అంకెలుంటే మళ్లీ గీయించుకోవచ్చు.

చెల్లెలి నిఖా వచ్చే షవ్వాల్‌లో అనుకుంటున్నారు. ముమానీ నాకు దావత్ ఇప్పుడే చెప్పేసింది. షాదీఖానా మండపానికి మాత్రం నీలం రంగు పరదాలే కట్టించాలని మామూ పట్టుబడుతున్నాడట, తన కంటికి బాగా కనబడేది అదొక్కటే అని.